టెక్ సందేహాలు: పెన్న సముద్రంలో కలిసే చోటికి నడవాలంటే ఫోన్‌లో ఏం ఉండాలి?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో చాలా వరకు నడక గురించే ఉన్నాయి. అది కూడా సముద్రం ఒడ్డున నడక. కడప, కర్నూలు, అనంతపురం, మూడింటికీ సముద్రం లేదు. గండికోట అంచున, అహోబిలం అడవి దారిలో నడిచి అలవాటైన వాళ్లు ఇప్పుడు తీరం వైపు చూస్తున్నారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. అందుకే ఈసారి ల్యాప్‌టాప్, ప్రింటర్ ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రొద్దుటూరు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు: "సార్, మేము ఎనిమిది మందిమి రోజూ పొద్దున్నే కలిసి నడుస్తాము. మా ఊరి పక్కన పారే పెన్న సముద్రంలో కలిసే చోటు ఒక్కసారైనా చూడాలని కోరిక. నెల్లూరు దాకా బస్సులో పోయి, మైపాడు బీచ్ నుంచి ఒడ్డు వెంబడే ఉత్తరంగా నడవాలనుకుంటున్నాము. దారిలో సిగ్నల్ సరిగా ఉండదని చెప్తున్నారు. సిగ్నల్ లేకపోతే మ్యాప్ పని చేస్తుందా? ఇంకేమైనా జాగ్రత్తలు ఉంటే చెప్పండి."

మాస్టారూ, నంది కొండల్లో పుట్టి అనంతపురం, కడప జిల్లాల మీదుగా 597 కిలోమీటర్లు నడిచి వచ్చే నదిని చివరి దాకా సాగనంపాలన్న ఆలోచనే గొప్పగా ఉంది. మీ ప్రశ్నకు కొంచెం వివరంగానే చెప్తాను.

మనం ఎక్కడ ఉన్నామో కనుక్కోవడం ఒక పని, మ్యాప్ బొమ్మను తెర మీద చూపడం ఇంకో పని. మొదటి దానికి సిగ్నల్ అక్కర్లేదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే చాలు, ఫోన్ తన చోటు తానే లెక్క కట్టుకుంటుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టినా ఈ పని జరుగుతుంది. డేటా కావలసింది మ్యాప్ బొమ్మకే. దాన్ని ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుంటే నీలం చుక్క సముద్రం ఒడ్డున కూడా మీతోపాటే కదులుతుంది.

అయితే గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకున్నా, నెట్ లేనప్పుడు అది వాహనం దారి మాత్రమే చెప్తుంది, నడక దారి చెప్పదు. చాలామంది ఇక్కడే ఇబ్బంది పడతారు. అందుకని ఆర్గానిక్ మ్యాప్స్ అనే యాప్ కూడా పెట్టుకోండి. ఉచితం, ప్రకటనలు ఉండవు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, అందరూ కలిసి తయారుచేసే మ్యాప్ సమాచారంతో నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్ మ్యాప్ ఒక్కసారి దించుకుంటే నెట్ లేకుండానే కాలిబాటలు చూపుతుంది, నడక దారి చెప్తుంది. దించుకున్నాక ఏరోప్లేన్ మోడ్ పెట్టి ప్రొద్దుటూరు వీధుల్లోనే ఒక పూట వాడి చూడండి. కొత్త యాప్‌ను కొత్త ఊళ్లో నేర్చుకోవద్దు. ఇంకో మాట, చాలా రోజులు లొకేషన్ ఆపేసి ఉన్న ఫోన్‌కు, నెట్ కూడా లేకపోతే, మొదటిసారి ఉపగ్రహాలను పట్టుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. నెల్లూరు బస్టాండులో డేటా ఉన్నప్పుడే ఒకసారి లొకేషన్ ఆన్ చేసి మ్యాప్ తెరిస్తే ఆ ఆలస్యం ఉండదు.

ఇక అసలు విషయం. మీరు ఎక్కడున్నారో ఫోన్‌కు తెలుసు, నీళ్లు ఎక్కడున్నాయో తెలియదు. నది సముద్రంలో కలిసే మొగ ఏడాది పొడుగునా ఒకే చోట, ఒకే వెడల్పున ఉండదు. అలలు ఇసుక తెచ్చి పోస్తాయి, వరద వచ్చి కోసేస్తుంది. మ్యాప్‌లో కనిపించే ఇసుక తిన్నె గీసిన నాటిది, మీరు వెళ్లే నాటిది కాదు. దీనికి మంచి ఉపాయం ఉంది. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాలు సుమారు ఐదు రోజులకోసారి ప్రతి చోటునూ ఫొటో తీస్తాయి. కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో వాటిని ఉచితంగా చూడొచ్చు. బయల్దేరే వారం ముందు పెన్న మొగ మీదికి జూమ్ చేసి, మబ్బు లేని తాజా ఫొటో చూడండి. తెరలో ఒక్కో చుక్క 10 మీటర్ల నేలతో సమానం, కాబట్టి మనుషులు, పడవలు కనపడవు. మొగ తెరుచుకుని ఉందా, తిన్నె ఎంత దూరం సాగింది అన్నది మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. పాత ఏళ్ల బొమ్మలు పక్కన పెట్టి పోల్చుకోవాలంటే గూగుల్ ఎర్త్‌లో చూడండి. మీలో ఎవరైనా సోషల్ మాస్టారు ఉంటే పిల్లలకు కూడా చూపించండి, ఎంత బాగా అర్థమవుతుందో.

బకింగ్‌హాం కాలువను కూడా మర్చిపోవద్దు. తీరానికి కాస్త లోపలగా, దాదాపు సమాంతరంగా పోతుంది. ఒడ్డు నుంచి ఊరు దగ్గరే కనిపిస్తుంది కానీ మధ్యలో కాలువ అడ్డం. వంతెనలు ఎక్కడున్నాయో ముందే చూసుకుని మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి. ఎవరికైనా ఒంట్లో బాగాలేక మధ్యలోనే రోడ్డెక్కాలంటే ఆ గుర్తులే పనికొస్తాయి.

ఆటుపోట్ల సంగతికి మీ గోడ మీద పంచాంగం క్యాలెండరు సగం పని చేస్తుంది. పౌర్ణమి, అమావాస్యలకు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అష్టమి నాటికి తేడా తగ్గుతుంది. రోజుకు రెండు పోట్లు, ఒక దానికి ఇంకో దానికి మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఈ రోజు పోటు వచ్చిన వేళ కంటే రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నెల్లూరు తీరంలో ఎత్తు తేడా సుమారు మీటరే, కానీ చదునైన ఇసుక మీద ఆ మీటరు చాలా దూరం వస్తుంది. కచ్చితమైన వేళల కోసం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార కేంద్రం వెబ్‌సైట్ చూడండి. ఎత్తైన అలల హెచ్చరికలు కూడా అక్కడే వస్తాయి. గాలి లేదు, ఆకాశం తేటగా ఉంది కదా అని ధైర్యపడొద్దు. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన అలలు రోజుల తర్వాత మన ఒడ్డుకు చేరి ఉన్నట్టుండి ముంచెత్తుతాయి. ఇన్‌కాయిస్ హెచ్చరికల్లో ఇవి కూడా ఉంటాయి.

మొగ దగ్గర ఎంత తక్కువ నీళ్లు కనిపించినా దాటొద్దు. ఆటు వేళ నది నీళ్లు, సముద్రం నీళ్లు కలిసి బయటికి లాగుతాయి. పైన సోమశిల జలాశయం నుంచి నీళ్లు వదిలితే ఆ ప్రభావం కిందికి రావాల్సిందే. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన రోజును మన జిల్లా మర్చిపోలేదు. ఆ చెయ్యేరు కలిసేది ఈ పెన్నలోనే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుపాన్లు. నా సలహా అడిగితే జనవరి చివర్లో వెళ్లండి. అక్కడి మత్స్యకారులను "అన్నా, ఈ రోజు మొగ ఎట్లుంది?" అని అడగండి. వాళ్లు వద్దంటే ఏ యాప్ ఏం చెప్పినా వెనక్కి రండి.

అత్యవసరానికి 112. మీ నెట్‌వర్క్ లేకపోయినా అక్కడ వేరే కంపెనీ సిగ్నల్ ఉంటే ఆ కాల్ దాని మీదుగా వెళ్తుంది. సముద్రంలో ఎవరైనా చిక్కుకుంటే కోస్ట్ గార్డ్ నంబరు 1554. ఎక్కడున్నారో చెప్పడానికి అక్షాంశ రేఖాంశాలు చదవండి. తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్ కూడా బాగుంది. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి 10 అక్షరాల కోడ్ ఇచ్చారు. ఇంటి నంబరు, వీధి పేరు లేని ఇసుక ఒడ్డుకు కూడా కోడ్ ఉంటుంది. కానీ ఫోన్ ఎత్తిన వాళ్లకు అది కొత్తైతే సమయం వృథా, అందుకే అక్షాంశ రేఖాంశాలే ముందు చెప్పండి.

కర్నూలు నుంచి ఒక అమ్మ: "మా అబ్బాయి ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే వేసవిలో అక్కడికి వెళ్తున్నాము. సముద్రం పక్కన కొండ అంచుల్లో నడుద్దాం అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. పవర్ బ్యాంక్ తీసుకెళ్లొచ్చా? ఏ యాప్‌లు పెట్టుకోవాలి?"

అమ్మా, టెన్షన్ పడకండి, అక్కడ కాలిబాటలకు ఉన్నంత మర్యాద చాలా చోట్ల లేదు. నైరుతి మూల తీర బాట ఒక్కటే 630 మైళ్లు, అంటే వెయ్యి కిలోమీటర్ల పైనే. వేల్స్ దేశం మొత్తం తీరం వెంట 870 మైళ్ల బాటను 2012లోనే తెరిచారు. ఇంగ్లండ్ తీరమంతా కలిపే బాట సుమారు 2,700 మైళ్లు. అయితే ఆ కొండ అంచులు కోసుకుపోతూ ఉంటాయి. అంచు విరిగిపడిన చోట దారిని లోపలికి మళ్లిస్తారు. ఈ మార్పులన్నీ నేషనల్ ట్రయిల్స్ వెబ్‌సైట్‌లో పెడతారు. బయల్దేరే ముందు రోజు రాత్రి అబ్బాయిని అది చూడమనండి. యాప్‌లో పాత గీత, నేల మీద కొత్త బోర్డు ఉంటే బోర్డునే నమ్మాలి.

అక్కడ ఆటుపోట్లు మనలా మీటరు కావు. బ్రిస్టల్ చానెల్‌లో 14 మీటర్ల దాకా తేడా ఉంటుంది, నాలుగంతస్తుల మేడ అనుకోండి. కొండ కింద ఇసుకలో నడుస్తుంటే వెనక దారి మూసుకుపోతుంది. అడ్మిరల్టీ ఈజీటైడ్ వెబ్‌సైట్‌లో వేళలు ఉచితంగా చూడొచ్చు. ఒక మెలిక: కొన్ని పట్టికలు ఏడాదంతా జీఎంటీలోనే, అంటే అక్కడి చలికాలం సమయంలోనే ఉంటాయి. మీరు వెళ్లేది వేసవిలో, అప్పుడు అక్కడి గడియారాలు గంట ముందుంటాయి కాబట్టి వాటికి ఒక గంట కలపాలి. ఏ సమయంలో ఇచ్చారో పట్టిక పైన చూసుకోండి. ఆపదలో 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి. అబ్బాయి తన అక్కడి సిమ్ నుంచి 999కి 'రిజిస్టర్' అని ఇంగ్లీషులో మెసేజ్ పంపి నమోదు చేసుకుంటే, మాట వినపడనంత బలహీనమైన సిగ్నల్‌లో కూడా ఎస్సెమ్మెస్‌తో సాయం అడగొచ్చు. ఇది ఈ రోజే చేయించండి.

పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ పెట్టెలో పెట్టనివ్వరు. 100 వాట్ అవర్ల లోపు అయితే ఇబ్బంది లేదు. మీది 20,000 ఎంఏహెచ్‌ది అనుకుంటే, దాన్ని 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్ అవర్లు వస్తుంది, కాబట్టి సరిపోతుంది. అంకెలు చెరిగిపోయిన పాత పవర్ బ్యాంక్ మాత్రం ఇంట్లోనే ఉంచండి, సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు.

అనంతపురం నుంచి ఒక తమ్ముడు: "అన్నా, మా మామ అమెరికా నుంచి ఉపగ్రహంతో మెసేజ్ పంపే చిన్న పరికరం తెస్తానంటున్నాడు. ట్రెక్కింగ్‌కు బాగుంటుంది కదా?"

తేవద్దని ఈ రాత్రికే మామకు చెప్పు తమ్ముడూ. అనుమతి లేకుండా ఇరిడియం, తురాయా ఉపగ్రహాలతో మాట్లాడే పరికరాలు మన దేశంలో పెట్టుకోవడం నేరం. గార్మిన్ ఇన్‌రీచ్ కూడా ఇరిడియం మీదే నడుస్తుంది. ఇవి సంచిలో దొరికి విమానాశ్రయాల్లో విదేశీ పర్యాటకులు అరెస్టయ్యారు. తెలియక తెచ్చానంటే వదిలిపెట్టరు. ఐఫోన్‌లో ఉపగ్రహ ఎస్ఓఎస్ కూడా మన దగ్గర లేదు. దాని బదులు ఎక్కడికి వెళ్తున్నావో, ఎన్నింటికి తిరిగొస్తావో ఇంట్లో కాగితం మీద రాసిపెట్టు, ఆ వేళ దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాయి. నేను ఇప్పటికీ ఇదే చేస్తాను.

నంద్యాల రోడ్డు, కర్నూలు నుంచి: "స్నేహితుడు తను నడిచిన దారిని జీపీఎక్స్ ఫైలుగా వాట్సాప్‌లో పంపాడు. తెరుచుకోవడం లేదు."

ఫైలు చెడిపోలేదు, తెరిచే యాప్ లేదంతే. ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఓస్మాండ్ గానీ పెట్టుకుని, ఫైలు మీద నొక్కి 'ఓపెన్ విత్'లో దాన్ని ఎంచుకోండి.

అనంతపురం నుంచి ఇంజినీరింగ్ విద్యార్థిని: "బీచ్‌లో ఫోన్ అలలో పడింది. ఐపీ68 అని ఉంది కదా అని వదిలేశాను. ఇప్పుడు చార్జింగ్ ఎక్కడం లేదు. బియ్యంలో పెట్టనా?"

వద్దమ్మా. ఐపీ68 అంటే ఫోన్ నీళ్లు, దుమ్ము తట్టుకుంటుందని చెప్పే గుర్తు, కానీ ఆ పరీక్ష మంచినీళ్లలో చేస్తారు, ఉప్పునీళ్లలో కాదు. ఉప్పు ఎండి చార్జింగ్ సందులో లోహాన్ని తినేస్తుంది. తడి పోయినా ఉప్పు పోదు, బియ్యం దానికేమీ చేయదు, పైగా పిండి దుమ్ము లోపలికి పోతుంది. ఇలా జరిగిన వెంటనే ఫోన్ ఆపేసి, నీళ్లు తట్టుకునే ఫోన్ అయితే మంచినీళ్లతో నెమ్మదిగా కడిగి, సందు కిందికి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. పూర్తిగా ఆరేదాకా చార్జర్ పెట్టకూడదు. నీ ఫోన్‌కు ఇప్పుడు సర్వీస్ సెంటరే దారి, నీళ్ల నష్టానికి వారంటీ రాకపోవచ్చు కాబట్టి ముందే ఖర్చు ఎంతో అడుగు. ముందు ఫొటోలు వైఫై మీద బ్యాకప్ చేసుకో, బ్యాటరీ మిగిలి ఉన్నంతలోనే.

కడప నుంచి ఒక అక్క: "మార్చిలో సముద్రం ఒడ్డున తాబేళ్లు గుడ్లు పెడతాయంట. రాత్రి ఫొటో తీయడానికి ఏ సెట్టింగ్ పెట్టాలి?"

అక్కా, ఫ్లాష్ ఆపేయండి, టార్చ్ కూడా వేయొద్దు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి సాధారణంగా జనవరి నుంచి మార్చి మధ్యలో వస్తాయి. వెలుగు చూస్తే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది, పుట్టిన పిల్లలు సముద్రం అనుకుని ఆ వెలుగు వైపు పాకుతాయి. తెర వెలుతురు పూర్తిగా తగ్గించి, దూరంగా కూర్చుని, నైట్ మోడ్‌లో ఫోన్ కదలకుండా మోకాలికి ఆనించి తీయండి. ఫొటో మసగ్గానే వస్తుంది, రానివ్వండి.