ఒలే అమ్మడూ, ముందు నీ నాడి చూసుకోవడం నేర్చుకో

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, పోలీస్ కానిస్టేబుల్ టెస్ట్ కోసం శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో పరిగెడతా రెండో రౌండ్‌కే ఆయాసం వచ్చి కూలబడిపోతన్నావంట, నా గుండె వీకేమో అని రాత్రి ఏడ్చావంట. ముప్పై ఏళ్లు బడిపిల్లల్ని పరిగెత్తించినోడిని, నా మాట విను.

ఆయాసం దానంతటది జబ్బు కాదే. పరిగెత్తినప్పుడు తొడలకి, పిక్కలకి ఆక్సిజన్ బాగా కావాలి, అక్కడ కార్బన్ డయాక్సైడ్ కూడా ఎక్కువ తయారవుతాది, అది రక్తంలో పెరిగిందని మెదడుకి తెలియగానే ఊపిరి జోరు పెంచేస్తాది. ఊరికే కూర్చుంటే నిమిషానికి 15 సార్లు తీసే ఊపిరి 40 దాటుతాది, గుండె నిమిషానికి 5 లీటర్లు తోసే రక్తం 15 లీటర్లు దాటుతాది. అంటే నీ గుండె దాని పని అది చేస్తంది.

మరి తప్పెక్కడంటే మొదటి రౌండ్‌లో. కానిస్టేబుల్ టెస్ట్‌లో ఆడపిల్లలకి 1600 మీటర్లకి 10 నిమిషాల 30 సెకన్లు, నాలుగు రౌండ్లు, అంటే రౌండ్‌కి రెండున్నర నిమిషాలు పట్టినా సరిపోద్ది. నువ్వేమో పక్కోళ్లని చూసి మొదటి రౌండే దౌడు తీస్తన్నావు, ఇంక రెండోదానికి ఏటి మిగుల్తాది?

రేపట్నుంచి పొద్దున్న మెలకువ రాగానే, ఫోన్ చూడకముందే, మంచం మీదే నాడి చూసుకో. ఎడం చెయ్యి వెల్లకిలా పెట్టి, బొటనవేలి కింద మణికట్టు దగ్గర కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మెత్తగా ఆనించు, గట్టిగా నొక్కితే దొరకదు, బొటనవేలు అసలు పెట్టకు, దానికీ ఓ నాడుంటాది, లెక్క తప్పిపోద్ది. 15 సెకన్లు లెక్కెట్టి నాలుగుతో గుణించి నోట్‌బుక్‌లో రాసుకో. రెండు మూడు నెలలు మానకుండా పరిగెడితే ఆ నంబర్ మెల్లగా దిగుతాది, గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం తోయడం నేర్చుకుంటాది కాబట్టి. ఏ రోజైనా మామూలు కంటే పది ఎక్కువుంటే నిద్ర చాల్లేదనో జ్వరం వస్తందనో అనుకో, ఆ రోజు నడక చాలు.

220లోంచి నీ వయసు 21 తీసేస్తే 199, నీ గుండె నిమిషానికి మహా అయితే అన్ని సార్లు కొట్టుకోగలదు, అది సుమారు లెక్కే అనుకో, మామూలు రోజుల్లో పరిగెత్తేటప్పుడు నాడి 140 దగ్గర ఉంచు. లెక్క కుదరకపోతే పక్కమ్మాయితో రెండు ముక్కలు మాట్లాడి చూడు, మాట వస్తందంటే స్పీడ్ సరిగ్గా ఉన్నట్టే.

ముక్కుతోనే పీల్చాలి, బిగపట్టాలి అని ఎవరో చెప్పారంట. ఆ స్టేడియానికి ఎవరి పేరుందో ఆ మన వీరఘట్టం మల్లయోధుడు కోడి రామ్మూర్తి ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని ఊపిరి బిగపట్టి తెంపేవాడు, నిజమే, కానీ అది ఏళ్ల సాధన, అది వేరే విద్య. పరుగులో నోరూ ముక్కూ రెండూ వాడు, లోపలి గాలి బాగా వదులు. డొక్కలో పట్టేస్తే స్పీడ్ తగ్గించి పొడుగ్గా వదులు.

రౌండ్లు అయ్యాక టక్కున ఆగొద్దు, ఇది మాత్రం గుర్తెట్టుకో. నా కుర్రతనంలో జిల్లా పోటీల్లో 800 మీటర్లు అయిపోగానే అక్కడే నిలబడిపోయాను, కళ్లు చీకట్లు కమ్మి పడిపోయాను, మోచేతి మీద ఆ మచ్చ నువ్వు చూసేవుంటావు. పిక్కలు ఆడుతుంటేనే కాళ్లలో రక్తం పైకి వస్తాది, ఆగిపోతే కిందే ఉండిపోద్ది. అందుకే ఐదు నిమిషాలు నడువు.

ఇంకో మాట, హిమోగ్లోబిన్ టెస్ట్ ఈ వారమే చేయించు, నాకు అసలు అనుమానం అక్కడే ఉంది. 12 కంటే తక్కువైతే ఒంట్లో రక్తం తక్కువున్నట్టు, గుండె ఊరికే దడదడలాడతాది, చోడి (రాగి) అంబలి, మునగాకు మంచివే గానీ డాక్టర్ ఇచ్చిన మాత్రలు మానకూడదు. పరుగులో గుండెలో నొప్పొచ్చినా, కళ్లు తిరిగినా ఆ రోజే డాక్టర్‌కి చూపించు, దాచుకోకు.

ఆదివారం ఆమదాలవలస నుంచి మొదటి బస్సుకి వస్తాను, స్టాప్‌వాచ్ నేను తెస్తాను, నోట్‌బుక్ నువ్వు తీసుకురా.

మీ పెద్దమావయ్య