ఆట రూల్స్ తెలుగులో రాసి అమ్మితే కాపీరైట్ కేసు అవుతుందా?

ప్రశ్న: మేం కొందరు స్నేహితులం వారం వారం కూర్చుని డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. ఒక్కొక్కరు ఒక క్యారెక్టర్‌గా, పాచికలు వేస్తూ కథలా నడిపే ఆట ఇది. క్యారెక్టర్ బలాన్ని తగ్గించే దెబ్బలు, మంత్రాలు ఒకేసారి రెండు మూడు తగిలితే లెక్క ఎలా కట్టాలనే దాని మీద ఎప్పుడూ గొడవే. అందుకని ఆట రూల్స్ పాత 3.5 ఎడిషన్‌కీ, తర్వాతి ఐదో ఎడిషన్‌కీ తేడాలు చూపిస్తూ, ఉదాహరణలతో తెలుగులో చిన్న పుస్తకం రాశాను. అచ్చు వేసి అమ్మాలని ఉంది. రూల్స్ వేరే కంపెనీవి కాబట్టి కేసు పడుతుందని ఒక మిత్రుడు అంటున్నాడు. నిజమేనా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆట ఆడే పద్ధతికి కాపీరైట్ లేదు. ఆ పద్ధతిని వివరిస్తూ ఒకరు రాసిన వాక్యాలకు ఉంది. మీ పుస్తకంలో ఏది ఎంత ఉందన్న దాన్ని బట్టే మీ మిత్రుడి భయం నిజమో కాదో తేలుతుంది.

ఆలోచనకు, ఇతివృత్తానికి కాపీరైట్ ఉండదని, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుందని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆటల విషయానికొస్తే స్క్రాబ్యులస్ కేసు చూడాలి. అక్షరాలతో పదాలు పేర్చే స్క్రాబుల్‌ను పోలిన ఆటను ఆన్‌లైన్‌లో పెట్టిన కోల్‌కతా అన్నదమ్ముల మీద మేటెల్ కంపెనీ కేసు వేసింది. 2008లో ఢిల్లీ హైకోర్టు కాపీరైట్ వాదనను ఒప్పుకోలేదు. పేరు దగ్గర మాత్రం ట్రేడ్‌మార్క్ కింద ఆపేసింది. అంటే ఆట లెక్కల దగ్గర గట్టెక్కినవాళ్లు పేరు దగ్గర దొరికిపోయారు.

ఇప్పుడు మీ పుస్తకం సంగతి. 3.5లో షాడో అనే నీడ జీవి తాకితే ఒక ఆరు ముఖాల పాచిక వేసి, ఎంత పడితే అంత బలం తగ్గిస్తారు. దానివల్ల బలం సున్నాకు వస్తే చావే. రే ఆఫ్ ఎన్‌ఫీబుల్‌మెంట్ అనే మంత్రమూ బలం తగ్గిస్తుంది కానీ, ఒకటికన్నా కిందికి దించదు. ఈ సంగతులను మీ మాటల్లో రాసుకునే హక్కు మీకు పూర్తిగా ఉంది.

మీ గొడవంతా బహుశా ఇక్కడే ఉండి ఉంటుంది. బలం 14 ఉన్న వీరుడికి షాడో దెబ్బల వల్ల 9 పోయింది, 5 మిగిలింది. దాని మీద మంత్రం వల్ల 6 తగ్గాలి, కానీ ఒకటి దగ్గర ఆగింది. తర్వాత షాడో ఇంకొక్క పాయింట్ లాగితే చచ్చినట్టా? నన్నడిగితే కాదు. ప్రాణం తీయకుండా హద్దు పెట్టి రాసిన మంత్రం ఇంకో దారిలో ప్రాణం తీయకూడదు. షాడో దెబ్బలు విడిగా 14కు చేరినప్పుడే చావు అనాలి. చట్టాన్ని చదివేటప్పుడు కూడా ఒక నిబంధన పెట్టిన ఉద్దేశాన్ని ఇంకో నిబంధన మింగేయకుండా చూస్తాం. మీరు దీనికి ఒప్పుకోకపోవచ్చు. ఐదో ఎడిషన్‌లో అసలు ఈ పేచీయే రాదు. ఆ ఎడిషన్ రూల్స్‌తో కంపెనీ విడుదల చేసిన 5.1 పాఠంలో (దాని సంగతి కింద చెబుతాను) ఆ మంత్రం బలం అంకెను ముట్టుకోదు, బలంతో కొట్టే ఆయుధ దెబ్బల నష్టాన్ని సగం చేస్తుందంతే. ఇలాంటి వాదన, పోలిక, ఉదాహరణ మీరు సొంతంగా రాస్తే దాని కాపీరైట్ మీదే. రాసిన క్షణం నుంచే వస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

ప్రమాదం అనువాదంలో ఉంది. కంపెనీ పుస్తకం పక్కన పెట్టుకుని వాక్యానికి వాక్యం తెలుగు చేసి ఉంటే, అనువాద హక్కు కూడా కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం అసలు యజమానిదే. అమెరికా పుస్తకం కదా అనుకోవద్దు. రెండు దేశాలూ బెర్న్ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి ఇక్కడా రక్షణ ఉంటుంది. తెలిసీ ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వారెంట్ లేకుండా అరెస్ట్ చేయదగ్గ, బెయిల్ హక్కుగా రాని నేరమని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి తేలిగ్గా తీసుకోకండి.

అయితే మీకు మంచి దారి ఒకటుంది. 2023 జనవరిలో లైసెన్స్ మార్పు మీద ఆటగాళ్లు పెద్ద ఎత్తున తిరగబడ్డాక, ఈ ఆటను ప్రచురించే విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ ఐదో ఎడిషన్ ముఖ్య రూల్స్ ఉన్న సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్ 5.1ను క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 లైసెన్స్ కింద ఇచ్చేసింది. అందులోని వాక్యాలను అనువదించవచ్చు, అమ్ముకోవచ్చు. అందులో చెప్పిన క్రెడిట్ వాక్యం వేయాలి, లైసెన్స్ పేరు చెప్పాలి, మార్పులు చేసినట్టు రాయాలి. ఈ అనుమతి ఆ డాక్యుమెంట్‌కే. కంపెనీ అమ్మే రూల్స్ పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ మొత్తానికి వర్తించదు.

3.5 పాఠం మాత్రం ఓపెన్ గేమ్ లైసెన్స్ 1.0ఎ అనే వేరే అనుమతి పత్రం కింద వచ్చింది. దాన్ని వాడుకుంటే లైసెన్స్ మొత్తం మీ పుస్తకంలో అచ్చు వేయాలి. అంతకన్నా ముఖ్యం, వాళ్ల ట్రేడ్‌మార్క్ అయిన ఆట పేరు చెప్పి, మీ పుస్తకం దానికి పనికొస్తుందని చెప్పుకోకూడదు. ఫలానా ఆటకు ఉపయోగపడుతుందని నిజాయితీగా చెప్పుకునే వెసులుబాటు ట్రేడ్‌మార్క్ చట్టం 30వ సెక్షన్‌లో ఉన్నా, ఈ లైసెన్స్ తీసుకుంటే ఆ వెసులుబాటును మీ చేతులతో మీరే వదులుకున్నట్టు. అందుకే 3.5 భాగం మొత్తాన్ని సొంత మాటల్లో తిరగరాసి, ఆ లైసెన్స్ జోలికి వెళ్లకండని నా సలహా. ఐదో ఎడిషన్ భాగానికి 5.1 డాక్యుమెంట్ ఒక్కటే ఆధారంగా పెట్టుకోండి.

కవర్ మీద డ్రాగన్ లోగో, వాళ్ల అక్షరాల స్టైల్, బొమ్మలు వద్దు. ఆట పేరును మీ పుస్తకం పేరుగా పెట్టొద్దు. ‘ఐదో ఎడిషన్‌కు అనుగుణం’ అని వేసుకోవడానికి 5.1 డాక్యుమెంటే ఒప్పుకుంటుంది. ఉదాహరణల్లో షాడో ఉండొచ్చు. మైండ్ ఫ్లేయర్, బిహోల్డర్ లాంటివి కంపెనీ తనకే అట్టిపెట్టుకున్న జీవులు, వాటిని తీసేయండి. అచ్చుకు ఇచ్చే ముందు ప్రతి పేరా పక్కన అది ఏ పాఠం చూసి రాశారో పెన్సిల్‌తో రాసుకోండి. ఎక్కడిదో చెప్పలేని పేరా ఏదైనా ఉంటే దాన్ని కొట్టేసి, పుస్తకం మూసి మళ్లీ రాయండి.