ఆల్టో ఇంజిన్: పాఠకుల సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: 2014 మోడల్ ఆల్టో 800 ఒకటి అమ్మకానికి వచ్చింది. 78,000 కిలోమీటర్లు తిరిగింది. టైమింగ్ బెల్ట్ లక్ష కిలోమీటర్ల దాకా వస్తుంది, ఇప్పుడే ముట్టుకోనక్కర్లేదని అమ్మేవాళ్లు అంటున్నారు. కొనేముందు ఇంజిన్ మంచిచెడ్డలు ఎలా తెలుసుకోవాలి? బెల్ట్‌కు బదులు చైన్ ఉన్న ఆల్టో కె10 చూసుకోవడమే మేలా? (ఒంగోలు)

జవాబు: లక్ష అన్నది దూరం లెక్క. వాల్వులు తెరుచుకునే సమయాన్ని పిస్టన్ల కదలికతో కలిపి ఉంచే ఈ బెల్ట్ రబ్బరుది కాబట్టి తిరిగినా తిరగకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పళ్ల మొదట్లో పగుళ్లిస్తుంది. పదేళ్లు దాటిన బండికి బెల్ట్ మార్చిన బిల్లు చూపించలేకపోతే, మార్చలేదనే లెక్క. కొన్న వారంలోనే మార్పించండి. దారిలో బెల్ట్ తెగితే వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ ఉన్నచోటే ఆగిపోతుంది, పిస్టన్లను ఆడించే క్రాంక్ మాత్రం ఇంకా తిరుగుతూ ఉంటుంది. తెరిచి ఉన్న వాల్వుకు పిస్టన్ తగిలిందంటే హెడ్ (సిలిండర్ల పైన ఉండే భాగం) దింపాల్సిందే. ఆ ఖర్చు ముందు బెల్ట్ ఖర్చు లెక్కలోకి రాదు.

బెల్ట్ ఒక్కటే మార్చి కవర్ మూసేయనివ్వకండి. దాన్ని బిగపట్టే టెన్షనర్, దాని స్ప్రింగ్, క్యామ్ ఆయిల్ సీల్, క్రాంక్ ముందు వైపు సీల్ కూడా అప్పుడే కొత్తవి పడాలి. పాత సీల్ నుంచి ఆయిల్ కారి కొత్త బెల్ట్ తడిస్తే అది ఏడాది కూడా నిలవదు. చేత్తో పట్టుకుని వాటర్ పంప్ షాఫ్ట్ ఆడించి చూడమనండి. ఏ మాత్రం ఆడినా పంప్ కూడా మార్చేయాలి. బిగించాక స్టార్ట్ కొట్టకముందే క్రాంక్ బోల్టుకు స్పానర్ పెట్టి రెండు పూర్తి చుట్లు చేత్తో తిప్పించండి. క్రాంక్ రెండు చుట్లకు క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి గుర్తులన్నీ మళ్లీ మొదటి చోటికే రావాలి. ఒక్క పన్ను తేడా ఉన్నా బండి స్టార్ట్ అవుతుంది గానీ పికప్ ఉండదు, పెట్రోలు తాగుతుంది.

ఇక కొనేముందు పరీక్ష. ఇంజిన్ ఎలా ఉందో ధైర్యంగా చెప్పేది కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్ లోపల ఎంత ఒత్తిడి వస్తుందో కొలవడం) ఒక్కటే. ఇంజిన్ వేడెక్కాక ఆపి, మూడు ప్లగ్గులూ తీసి, ఇంజెక్టర్ల, ఇగ్నిషన్ కనెక్టర్లు విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని ఒక్కో సిలిండర్‌కీ గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి, లేకపోతే మంచి ఇంజిన్ కూడా తక్కువ చూపిస్తుంది. మూడు అంకెలూ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నది చూడండి. ఒక సిలిండర్‌కూ ఇంకోదానికీ చదరపు సెంటీమీటరుకు ఒక కిలో కంటే తేడా ఉంటే బేరం ఆపండి. తక్కువ చూపిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టించండి. అంకె పెరిగితే పిస్టన్ రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగాయి. పెరగకపోతే వాల్వులదో హెడ్ గాస్కెట్‌దో (హెడ్ కింద ఉండే సీలు) లోపం. పొద్దున్నే మొదటి స్టార్ట్‌లో మాత్రమే నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ పోయాయని అర్థం, అది చిన్న పనే. గేరులో లాగుతున్నప్పుడల్లా నీలం పొగ వస్తే ఇంజిన్ బోరుకొచ్చినట్టే, అంటే అరిగిన సిలిండర్లను మళ్లీ తొలిపించాల్సిందే.

కె10 సంగతికొస్తే రెండూ మూడు సిలిండర్లవే అయినా వేర్వేరు తరాల ఇంజిన్లు. ఆల్టో 800లోది ఎఫ్8డి. బోర్ (సిలిండర్ వెడల్పు) 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 72, మొత్తం 796 సీసీ, 69 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). 1983లో వచ్చిన తొలి మారుతి 800 కొలతలూ ఇవే. తర్వాత సిలిండర్‌కు నాలుగు వాల్వుల హెడ్, ఇంజెక్షన్ చేరాయి. ఇన్నేళ్లు నడిచిన ఇంజిన్ కాబట్టి ఏ ఊళ్లోనైనా దీన్ని విప్పి బిగించగల మెకానిక్ దొరుకుతాడు, అది దీనికున్న పెద్ద బలం. పాత కె10లోది 2008లో మారుతి ఏ-స్టార్ కారుతో వచ్చిన కె10బి. అది 998 సీసీ, 90 న్యూటన్ మీటర్లు, రెండు క్యామ్‌లు, టైమింగ్ చైన్. నలుగురు ఎక్కి ఏసీ వేసుకుని హైవే మీద పోయేవాళ్లకు కె10 తేడా బాగా తెలుస్తుంది. ఊళ్లో తిరుగుడుకు 800 చాలు. చైన్ ఉందని నిశ్చింతగా ఉండకండి. దాన్ని బిగపట్టే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. ఆయిల్ మార్చని బండిలో చైన్ సాగుతుంది. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు ముందు వైపు నుంచి గలగల రెండు సెకన్లు దాటి వినిపిస్తే ఆ కె10 వద్దు.

ప్రశ్న: మా కె10 సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్, సీటు వణుకుతున్నాయి. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. మూడు సిలిండర్ల బండి అంతేనని సర్వీసులో తేల్చేశారు. నిజమేనా? (నిజామాబాద్)

జవాబు: సగం నిజం. నాలుగు సిలిండర్లలో క్రాంక్ ప్రతి 180 డిగ్రీలకూ ఒక మంట పడితే, మూడింట్లో 240 డిగ్రీలకు ఒకటి పడుతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఎక్కువ. పైగా మూడు పిస్టన్ల పైకీకిందకీ పోటు మొత్తం మీద సరిపోయినా, ఇంజిన్ ఈ చివర లేస్తే ఆ చివర దిగుతూ ఊయలలా ఊగుతుంది. ఆ ఊపును మింగాల్సినవి ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచే రబ్బరు మౌంట్లు. కొత్త బండిలోనూ కొంచెం వణుకు ఉంటుంది గానీ, రోజురోజుకీ పెరిగే వణుకు మూడు సిలిండర్ల స్వభావం కాదు. సర్వీసు వాళ్లు అక్కడ పొరబడ్డారు.

బండి న్యూట్రల్‌లో పెట్టి 1,500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకోండి. వణుకు పూర్తిగా పోతే మౌంటో, ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజిన్ వేగం) తగ్గడమో కారణం. బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఒకరు గేరు వేసి క్లచ్ మెల్లగా వదులుతుంటే ఇంజిన్ ఎంత ఎగురుతుందో పక్క నుంచి చూడండి, ముందు నిలబడవద్దు. రబ్బరు చీలిన మౌంట్ ఇట్టే దొరికిపోతుంది. ఐడిల్ తగ్గడానికి ఎక్కువగా ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీలో పేరుకున్న నల్లటి జిడ్డే కారణం. దానికని అమ్మే క్లీనర్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు, స్క్రూడ్రైవర్‌తో గీకవద్దు.

రేజ్ చేసినా టకటకమంటూ వణుకు ఉంటే మిస్సింగ్ కొడుతున్నట్టు, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండడం లేదన్నమాట. కె10బిలో ఒక్కో ప్లగ్గు మీద దానికి కరెంటు ఇచ్చే కాయిల్ ఒక్కోటి ఉంటుంది, అది మన పని తేలిక చేస్తుంది. స్కానర్ పెడితే పీ0301 అనే లోపం కోడ్ వచ్చిందనుకుందాం, అంటే ఒకటో సిలిండర్. ఆ కాయిల్ తీసి రెండోదాంట్లో, రెండోది ఒకటోదాంట్లో పెట్టి, కోడ్ చెరిపి పది నిమిషాలు నడపండి. ఈసారి పీ0302 వస్తే కాయిల్ పోయినట్టే. మళ్లీ పీ0301 వస్తే ప్లగ్గు, ఆ తర్వాత ఇంజెక్టర్ చూడాలి. ప్లగ్గు గ్యాప్ 1 నుంచి 1.1 మిల్లీమీటర్లు ఉండాలి. అది పెరిగేకొద్దీ కాయిల్ మీద భారం పెరుగుతుంది. పాత ప్లగ్గులు ఉంచి కొత్త కాయిల్ వేస్తే అదీ అదే దారిన పోతుంది. మిస్సింగ్‌తోనే నెలల తరబడి తిప్పితే కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి చేరి అక్కడ మండుతుంది, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కరిగిపోతుంది.

ప్రశ్న: ఎండాకాలం ట్రాఫిక్‌లో మా ఆల్టో వేడెక్కి టెంపరేచర్ లైటు వెలిగింది. మెకానిక్ థర్మోస్టాట్ వాల్వ్ తీసేసి, మన ఎండలకు అది అక్కర్లేదన్నాడు. ఇప్పుడు వేడెక్కడం లేదు గానీ మైలేజీ పడిపోయింది. (విజయవాడ)

జవాబు: వెంటనే కొత్త థర్మోస్టాట్ వేయించండి. అది 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది, అంతవరకూ నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వదు. తీసేస్తే ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మీ మైలేజీ పోయింది అక్కడే. కాలకుండా మిగిలిన పెట్రోలు బోరు గోడల మీద నుంచి ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచన చేస్తుంది. వేడికి అసలు కారణం మాత్రం అలాగే ఉండిపోయింది.

ముందు ఫ్యాన్ చూడండి. ఏసీ వేయగానే రేడియేటర్ ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు, ఈ వరసలో చూసుకుంటూ పోవాలి. తర్వాత రేడియేటర్ క్యాప్. దాని మీద 0.9 అని ఉంటుంది. ఆ ఒత్తిడి నిలిస్తేనే నీళ్లు వంద దాటినా మరగకుండా ఉంటాయి. క్యాప్ రబ్బరు గట్టిపడితే ఒత్తిడి నిలవదు, నీళ్లు రిజర్వాయర్‌లోకి పొంగి పోతాయి. చవకలో తీరే లోపం ఇది, అయినా దీన్ని చూడకుండానే రేడియేటర్ మార్చేస్తుంటారు. ఆ తర్వాత రేడియేటర్‌కూ ఏసీ కండెన్సర్‌కూ మధ్య పేరుకున్న దుమ్ము. దాన్ని ఇంజిన్ వైపు నుంచి బయటికి మెల్లగా నీళ్లు కొట్టి పోగొట్టాలి. బోరు నీళ్లు మాత్రం రేడియేటర్‌లో పోయకండి, ఉప్పు గట్టి సన్నని దారులు పూడుకుపోతాయి. కూలంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలపాలి.

మళ్లీ లైటు వెలిగితే ఏసీ కట్టేసి పక్కకు ఆపి ఇంజిన్ ఆపేయండి. అరగంట పైనే చల్లారనివ్వండి. గుడ్డ చుట్టిన చేత్తో పై హోస్ నొక్కితే మెత్తగా ఉండాలి, అప్పుడే క్యాప్ తీయాలి. ఇంటికి దగ్గరే కదా అని రెండు కిలోమీటర్లు లాగితే అల్యూమినియం హెడ్ వంగుతుంది. హెడ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (వంకర లేని బద్ద) పెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చి చూస్తే 0.05 మిల్లీమీటరు పట్టేదాకానే భరిస్తుంది. అంతకు మించితే మెషిన్ మీద చదును చేయించడమే గతి. ఒకసారి వేడెక్కింది కాబట్టి ఆయిల్ మూత అడుగున కాఫీ నురగలాంటి తెల్లటి జిగురు ఉందేమో, స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నాయేమో చూడండి. రెండూ లేకపోతే హెడ్ గాస్కెట్ బతికినట్టే.

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటాం. గుంటూరులో అమ్మానాన్నల ఆల్టో నెలకు వంద కిలోమీటర్లు కూడా తిరగదు. ఆయిల్ పదివేల కిలోమీటర్లకు మారిస్తే చాలా? ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుతో ఇబ్బంది ఉందా?

జవాబు: పదివేలు లేదా 12 నెలలు, ఏది ముందైతే అది. మీ బండికి ఏడాదే ముందొస్తుంది. పది నిమిషాల ప్రయాణాల్లో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, అందులో చేరిన తేమ ఆవిరైపోదు. వారానికోసారి ఇరవై కిలోమీటర్లు ఆగకుండా నడపమనండి. ఇంట్లోనే స్టార్ట్ చేసి ఐదు నిమిషాలుంచి ఆపేయడం మేలు కంటే కీడే చేస్తుంది. ఈ ఇంజిన్‌లో పట్టే ఆయిలే మూడు లీటర్ల లోపు. డిప్‌స్టిక్ కింది గుర్తుకు దిగిందంటే దాదాపు మూడో వంతు పోయినట్టు. పెద్ద ఇంజిన్ ఓర్చుకునే లోటును ఇది ఓర్చుకోలేదు. నెలకోసారి, చదునైన చోట, ఇంజిన్ ఆపిన ఐదు నిమిషాలకు చూసుకోమనండి.

ఇథనాల్‌లో పెట్రోలు కంటే శక్తి మూడో వంతు తక్కువ. అందుకే ఈ20తో మైలేజీ కొంత తగ్గుతుంది, అది ఇంజిన్ లోపం కాదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఒకే పెట్రోలును నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉంచవద్దు. పాత బండి కనుక సర్వీసుకు వెళ్లిన ప్రతిసారీ ఇంధనం రబ్బరు గొట్టాలను వంచి చూడమనండి. పగులు కనిపించినా, పెట్రోలు వాసన వచ్చినా, ఈ20కి తగిన గొట్టమే వేయించండి.