ఒక్క రోజులో ఓరుగల్లు, రామప్ప

ప్రశ్న: అరవై దాటిన అమ్మానాన్నలను హైదరాబాదు నుంచి అద్దెకారులో హనుమకొండ, వరంగల్ కోట, పాలంపేట రామప్ప గుడికి తీసుకెళ్లాలనుకుంటున్నాను. ఒక్క రోజు సరిపోతుందా?

జవాబు: సరిపోతుంది, కానీ దూరంగా ఉన్న రామప్పను ముందుగా చూడండి. పాలంపేటకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం కాబట్టి, తెల్లవారుజామున ఐదింటికే బయలుదేరితే, చెప్పులు విడిచి నడవాల్సిన రాతి పరుపు ఎండకు కాలకముందే పెద్దవారు తీరిగ్గా దర్శనం చేసుకోగలుగుతారు. కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ ఆలయానికి 2021లో యునెస్కో గుర్తింపు లభించింది. చూరు కింద నల్లరాతి మదనికలను, అంటే స్త్రీమూర్తుల శిల్పాలను, ఒక్కొక్కటిగా చూడండి. వారిలో ఒకామె ఎత్తు మడమల పాదరక్షలు తొడుక్కుని ఉంటుంది. ఇక్కడ గంటన్నరకు తక్కువ కేటాయించడం నా దృష్టిలో అన్యాయమే.

తిరుగు ప్రయాణంలో హనుమకొండలో భోజనం చేసి, శివ, విష్ణు, సూర్యులకు నెలవైన వేయిస్తంభాల గుడిని చూసి, సాయంత్రపు నీరెండలో కోటలోని నాలుగు కీర్తితోరణాల వద్దకు చేరండి. కారు మాట్లాడుకునేటప్పుడే కిలోమీటర్ల పరిమితి, టోలు, డ్రైవరు బత్తా ఎవరు భరించాలో తేల్చుకోండి. రాత్రి తిరిగి రావలసి ఉంటుంది కనుక, మధ్యాహ్నం డ్రైవరుకు కాసేపు విశ్రాంతి తప్పక ఇవ్వండి.