నలుగురూ కలిసి లీజు మీద సంతకం పెట్టే ముందు

సందేహం: అన్నా, మాది హన్మకొండ నయీంనగర్. నేను, కాజీపేట దోస్తు ఒకడు, కరీంనగర్ నుంచి ఇద్దరు, మొత్తం నలుగురం ఎమ్మెస్ కోసం డాలస్ వెళ్తున్నాం. అపార్ట్‌మెంట్ వాళ్లు పెద్ద లీజు పిడిఎఫ్ పంపి సంతకాలు అడుగుతున్నారు. అందులో ఏం చూసుకోవాలి?

తమ్ముడూ, మన దగ్గర ఇల్లు కిరాయికి ఎలా దొరుకుతుందో నీకు తెలుసు. సుబేదారిలోనో కిషన్‌పురలోనో టు-లెట్ బోర్డు చూసి తలుపు కొడతాం. "ఎంతమంది ఉంటరు, ఏం పని చేస్తరు" అని ఓనర్ అడుగుతాడు. అడ్వాన్సు ఇచ్చి సామాను దింపుకుంటాం. కాగితం రాసుకున్నా 11 నెలలకే రాసుకుంటాం. ఖాళీ చేయాల్సి వస్తే ఒక నెల ముందు ఓనర్‌కు చెప్తే అయిపోతుంది. ఇక్కడ అమెరికాలో ఆ నోటిమాటను నమ్ముకోవద్దు. అపార్ట్‌మెంట్ల కిరాయి వ్యవహారాలు చూసే లీజింగ్ ఆఫీసులో ఎంత మర్యాదగా "ఏం ఫర్వాలేదు" అన్నా, ఆ మాట కాగితంలోనో ఈమెయిల్‌లోనో లేకపోతే రేపు నీకు అక్కరకు రాదు. సంతకం పెట్టాక మూడు రోజుల్లో రద్దు చేసుకోవచ్చని ఎవరైనా చెప్తే అదీ నమ్మకు. ఇళ్ల లీజులకు అలాంటి వెసులుబాటు లేదు.

నలుగురూ ఒకే లీజులో ఉంటున్నారు కాబట్టి ముందు "జాయింట్ అండ్ సెవరల్ లయబిలిటీ" అనే వాక్యం వెతుకు. కిరాయి 2,000 డాలర్లు అనుకుందాం. మీ లెక్కలో తలా 500. ఆఫీసు లెక్కలో మాత్రం ప్రతి ఒక్కరూ మొత్తం 2,000కి బాధ్యులే. ఒకడికి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయి, తన 500 ఆపేశాడంటే, ఆఫీసు అతని వెంట పడాల్సిన పని లేదు, మిగిలిన ముగ్గురినే అడుగుతుంది. మీరూ కట్టలేకపోతే ఎవిక్షన్ కేసు, అంటే కోర్టు ద్వారా ఇల్లు ఖాళీ చేయించే కేసు, లీజులో ఉన్న నలుగురి పేర్ల మీదా పడుతుంది. తర్వాత ఏ అపార్ట్‌మెంట్‌కు అప్లికేషన్ పెట్టినా ఆ రికార్డు బయటికి వస్తుంది. ఇక్కడ కిరాయి దగ్గర మొదలైన పంచాయితీ, అక్కడ హన్మకొండలో రెండు కుటుంబాల మధ్య మాటలు లేకుండా చేయడం నేను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

విమానం ఎక్కకముందే నలుగురూ కూర్చుని, అమ్మానాన్నలకు కూడా తెలిసేలా ఒక పేజీ రాసుకోండి. మధ్యలో వెళ్లేవాడు తన బదులు మనిషిని తేవాలి. ఆ మనిషిని ఆఫీసు రాతపూర్వకంగా ఒప్పుకుని లీజులో చేర్చేదాకా వెళ్లినవాడే తన వాటా కట్టాలి. లేదంటే, యూనివర్సిటీల చుట్టుపక్కల కొన్ని చోట్ల గదికో బెడ్‌కో ఎవరి లీజు వాళ్లకు విడిగా ఇస్తారు. ధర కాస్త ఎక్కువైనా, మిగతా ముగ్గురి గురించి నీకు సరిగా తెలియకపోతే నేను అదే తీసుకోమంటాను.

గడువుకు ముందే ఖాళీ చేస్తే ఏమవుతుందో చెప్పే భాగం రెండుసార్లు చదువు. డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రం లీజుల్లో "రీలెట్టింగ్ ఫీజు" (ఇంటిని మళ్లీ కిరాయికి ఇచ్చే ఖర్చు) పేరుతో ఒక నెల కిరాయిలో 85 శాతం దాకా రాసి ఉండటం మామూలే. అది కట్టేస్తే పని అయిపోయినట్టు కాదు, వేరేవాళ్లు దిగేదాకా మిగిలిన కిరాయి కూడా మీ మీదే ఉంటుంది. అయితే ఖాళీ అయిన ఇంటిని మళ్లీ కిరాయికి ఇచ్చే ప్రయత్నం ఓనర్ చేసి తీరాలని టెక్సాస్ చట్టం చెప్తోంది. చేరేటప్పుడు "ఒక నెల ఫ్రీ" ఇచ్చి ఉంటే, ముందే వెళ్లినప్పుడు దాన్ని వెనక్కి అడగొచ్చు.

లీజు ముగిసే తేదీకి ఖాళీ చేస్తున్నా నోటీసు ఇవ్వాల్సిందే. చాలా చోట్ల 60 రోజుల ముందు, రాతపూర్వకంగా. ఇవ్వకపోతే నెల నెలా నడిచే లీజుగా మారి కిరాయి పెరగొచ్చు.

డిపాజిట్ విషయం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్‌లో ఖాళీ చేశాక 30 రోజుల్లో తిరిగివ్వాలి, కాలిఫోర్నియాలో 21 రోజుల్లో. టెక్సాస్‌లో మీ కొత్త అడ్రస్ రాసి ఇచ్చేదాకా ఓనర్ డబ్బు పంపాల్సిన పని లేదు. చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు కోత పెట్టకూడదు. కాబట్టి దిగిన రోజే కార్పెట్, గోడలు, స్టవ్, బాత్రూమ్ అన్నీ వీడియో తీసి, ఇల్లు ఏ స్థితిలో ఉందో రాయడానికి వాళ్లిచ్చే కండిషన్ ఫారం గడువులోపు నింపి ఇచ్చేయి.

ఇంట్లో ఉండేవాళ్ల పేర్లన్నీ లీజులో ఉండాలి. అతిథులు ఎన్నాళ్లు ఉండొచ్చో కూడా అందులోనే రాసి ఉంటుంది. రేపు అమ్మానాన్న వచ్చి నెలల తరబడి ఉంటే, ముందే ఆఫీసుకు చెప్పి అనుమతి రాయించుకో.

ఇక్కడ మీకు క్రెడిట్ హిస్టరీ, అంటే అప్పులు, బిల్లులు సరిగా కట్టిన రికార్డు, లేదు కాబట్టి ఆఫీసు గ్యారంటర్‌ను (మీ తరఫున పూచీ ఉండే మనిషిని) అడగొచ్చు. ఇక్కడున్న బంధువుతో సంతకం పెట్టించే ముందు, మీరు కట్టని ప్రతి డాలరూ ఆయన మీద పడుతుందని ఆయనకు విడమరిచి చెప్పు. గ్యారంటీ నీ ఒక్కడి వాటాకా, ఇంటి మొత్తం కిరాయికా అన్నదీ చదివించు.

ఒక్క రోజులో సంతకం పెట్టమని తొందరపెడితే రెండు రోజులు టైం అడుగు. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచితంగా న్యాయ సలహా ఇచ్చే ఆఫీసు ఉంటుంది. అడ్మిషన్ వచ్చింది కాబట్టి మీ యూనివర్సిటీలో ఉందేమో ఈ రోజే ఈమెయిల్ పెట్టి కనుక్కో, ఉంటే ఆ పిడిఎఫ్ వాళ్లకు పంపు.