నింద పడిన వేడిలో సేవ మానవద్దు, సేవలోకి దూకవద్దు

ప్రశ్న: నేను శ్రీకాకుళంలో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్లుగా మా కాలేజీ క్రైస్తవ విద్యార్థుల ప్రార్థనా కూటం బాధ్యత చూస్తున్నాను. దసరా సెలవుల్లో పలాసలో పెట్టుకున్న రిట్రీట్ డబ్బుల్లో తేడా ఉందనీ, చదువు పక్కన పెట్టి పెత్తనం చేస్తున్నాననీ ఒక సీనియర్ అన్న వాట్సాప్ గ్రూపులో రాశారు. నేను ఒక్క రూపాయి ముట్టలేదు. రెండు సబ్జెక్టులు మిగిలిపోయిన మాట మాత్రం నిజం. ఒకరోజు అంతా వదిలేద్దామనిపిస్తోంది. మరోరోజు ఎమ్మెస్సీ ఆలోచన మానుకుని పూర్తికాల సేవకు వెళ్లి నేనేమిటో చూపించాలనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీకు వస్తున్న రెండు ఆలోచనలూ ఒకే గాయం నుంచి పుట్టినవి. మానేయడమైనా, పూర్తికాల సేవకు వెళ్లడమైనా ఇప్పుడు ఆ సీనియర్‌కు చెప్పే జవాబే అవుతుంది తప్ప మీ జీవితం గురించి మీరు తీసుకున్న నిర్ణయం కాబోదు. అందువల్ల ఈ రెండింటినీ కొంతకాలం పక్కన ఉంచి, ముందుగా డబ్బు సంగతి తేల్చుకోండి.

విద్యార్థుల కూటాల్లో లెక్కలు ఎక్కడ చెడతాయో నాకు బాగా తెలుసు. షామియానాకు రసీదు ఉంటుంది, బస్సుకు టికెట్లు ఉంటాయి. రైతు బజారులో కొన్న వంకాయలకూ, టమాటాలకూ, చివరి నిమిషంలో ఆటోకు ఇచ్చిన డబ్బుకూ ఏ కాగితమూ ఉండదు. ఆ ఖర్చులన్నీ కలిపి నోటుపుస్తకంలో ‘ఇతరములు’ అని ఒక్క పంక్తి రాసేస్తారు, అనుమానం ఆ పంక్తి దగ్గరే మొదలవుతుంది. మీరు ఆ పంక్తిని విడదీసి, ఏ రోజు, ఎవరి చేత, దేనికి, ఎంత ఖర్చయిందో మీతో పాటు బజారుకు వచ్చిన వారిని కూర్చోబెట్టుకుని రాయండి, వారి సంతకం కూడా తీసుకోండి. గుర్తు రాని మొత్తం ఉంటే గుర్తు లేదనే రాయండి. దాన్ని సొంత డబ్బుతో పూడ్చి సరిపెట్టవద్దు, ఎందుకంటే అలా చేసిన సంగతి బయటపడితే తప్పు చేసి సర్దుకున్నారనే అనుకుంటారు. ఇకముందు రసీదు దొరకని ప్రతి కొనుగోలుకూ అక్కడికక్కడే చీటీ రాసి ఇద్దరు సంతకం చేసే పద్ధతి పెట్టండి. యెరూషలేములోని విశ్వాసుల కోసం పోగైన కానుకను అపొస్తలుడైన పౌలు ఒంటరిగా మోయలేదు. తన తోటి సేవకుడైన తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన మరొక సహోదరుణ్ణి కూడా పంపి, ప్రభువు ఎదుటనే కాక మనుష్యుల ఎదుట కూడా నిందకు చోటు లేకుండా జాగ్రత్తపడ్డాడని రెండవ కొరింథీయుల పత్రిక 8వ అధ్యాయంలో ఉంది. ఆయన నిజాయితీని శంకించేవారు కొరింథు సంఘంలో ఉన్నారని గుర్తుంచుకుని ఆ అధ్యాయం చదవండి.

గ్రూపులో ఏం రాయాలన్నది తరువాతి మాట. యెరూషలేము గోడను తిరిగి కట్టిస్తున్న నెహెమ్యాకు ఆ పనిని అడ్డుకోజూసిన సన్బల్లటు అయిదవసారి పంపింది విప్పి ఉన్న ఉత్తరం, అంటే దారిలో ఎవరైనా చదవగలిగినది. నెహెమ్యా రాజు కావాలని చూస్తున్నాడన్న పుకారు అందులో ఉంది. ఆయన అలాంటిదేమీ లేదనీ, అది కల్పించిన మాట అనీ క్లుప్తంగా చెప్పి, బలం కోసం ప్రార్థించి, పని కొనసాగించాడు. గోడ 52 రోజుల్లో పూర్తయింది. మీరు కూడా ‘లెక్కలు కమిటీ ముందు పెడుతున్నాను, ఎవరైనా వచ్చి చూడవచ్చు’ అని ఒక్కసారి రాసి ఊరుకోండి. అయితే మీ సీనియర్ సన్బల్లటు కాదు, మీ సహోదరుడు; కాబట్టి మత్తయి 18వ అధ్యాయం చెప్పినట్టు ముందుగా ఆయనను ఒంటరిగా కలవండి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లండి. స్క్రీన్‌షాట్లు తీసి జూనియర్లకు పంపవద్దు. మీ బాధ వారి విశ్వాసానికి భారం కాకూడదు.

డబ్బు మాట అన్యాయమైనంత మాత్రాన చదువు మాట కూడా అన్యాయం కాదు. ఆ మాటను ఆయన అన్న తీరు తప్పు, కానీ మిగిలిపోయిన రెండు సబ్జెక్టులు మీ మార్కుల జాబితాలోనే కనిపిస్తున్నాయి. ఈ సెమిస్టరు పూర్తయ్యే వరకు వారపు కూటం నడిపే పని రెండో సంవత్సరం విద్యార్థికి అప్పగించి, మీరు పక్కన కూర్చోండి. దీన్ని ఓటమిగా తీసుకోవలసిన అవసరం లేదు. విద్యార్థి పరిచర్యలో నాయకత్వం ఏటా చేతులు మారవలసిందే.

ఇక పూర్తికాల సేవ. విద్యార్థి పరిచర్య సంస్థల్లో పనిచేసే స్టాఫ్ వర్కర్ల పోషణ చాలావరకు విశ్వాసుల కానుకల మీద ఆధారపడుతుంది. అంటే డబ్బు గురించిన ప్రశ్నలు అక్కడ తగ్గవు, పెరుగుతాయి. ఈ నింద నుంచి తప్పించుకోవడానికి అక్కడికి వెళ్లేవారు ఎక్కువ కాలం నిలవడం కష్టం. 1954లో మొదలైన యూఈఎస్ఐ (యూనియన్ ఆఫ్ ఎవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా) వంటి ఉద్యమాలు స్టాఫ్‌తో మాత్రమే నడవడం లేదు; ఉద్యోగాలు చేసుకుంటూ, సాయంత్రాలూ సెలవులూ విద్యార్థులకు ఇచ్చే గ్రాడ్యుయేట్లు వాటికి పెద్ద అండ. పౌలు కూడా కొరింథులో డేరాలు కుట్టి బతికాడు. బీఎడ్ చేసి టీచరయినా, ఎమ్మెస్సీ చేసి లెక్చరరయినా ఈ దారి మీకు తెరిచే ఉంటుంది. వేదాంత విద్య వైపే మనసు నిలిస్తే, శ్రీరాంపూర్ సెనేట్ ఇచ్చే వేదాంత పట్టా బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చదవడానికి కూడా డిగ్రీ చేతిలో ఉండడం మేలు.

కాబట్టి మిగిలిన సబ్జెక్టులు రాసి డిగ్రీ పూర్తి చేయండి, ఎమ్మెస్సీ, బీఎడ్ ప్రవేశ పరీక్షలైన ఏపీ పీజీసెట్‌కు, ఎడ్‌సెట్‌కు రెండింటికీ దరఖాస్తు చేయండి. లెక్కల గొడవ తేలిన ఏడాది తరువాత కూడా పూర్తికాల సేవ కోరిక అలాగే ఉంటే, అప్పుడు మీ పాస్టరుగారితోనూ ఇంట్లో అమ్మానాన్నలతోనూ కూర్చుని మాట్లాడండి. ఈ నింద సంగతి మాత్రం అంతవరకు ఆగకుండా ఈ వారమే ఇంట్లో చెప్పండి. వారికి అది బయటివారి నోట తెలియకూడదు.