అడగండి - చెబుతాం: ట్యూబ్‌ ఆంప్‌కు పైహంగులు

ప్రశ్న: నాలుగు ఈఎల్‌34 పవర్‌ ట్యూబులున్న ఖరీదైన ఆంప్లిఫయర్‌ కొన్నాను. వెనక ‘220 వోల్టులు’ అని రాసి ఉంది. ప్రత్యేకమైన పవర్‌ కేబుల్‌, ఆడియో ఫ్యూజు, ట్యూబులకు రింగులు వేయిస్తే శబ్దం ఇంకా బాగుంటుందంటున్నారు. మొత్తం 40 వేల దాకా ఖర్చు. వేయించమంటారా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు ఆ ‘220’ సంగతి చూడండి. సాయంత్రం ఏడింటికి ఒకసారి, అర్ధరాత్రి దాటాక ఒకసారి ప్లగ్గు దగ్గర మల్టీమీటర్‌తో వోల్టేజీ కొలవండి. 245 ఉందనుకుందాం. 6.3 వోల్టులు అందాల్సిన హీటర్‌కు (ట్యూబు లోపల వెలిగే తీగకు) 7 వోల్టులు అందుతుంది, అంటే 11 శాతం ఎక్కువ. ప్లేట్‌ (ట్యూబులో ఎలక్ట్రాన్లను అందుకునే రేకు) వోల్టేజీ కూడా దాదాపు అదే లెక్కన పెరుగుతుంది. ట్యూబులు తొందరగా అరిగిపోయేది ఇందుకే. ఏ కేబులూ దీన్ని ఆపలేదు.

లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌కు 240 ట్యాప్‌ (240 వోల్టుల లైన్‌ కోసం విడిగా ఇచ్చిన తీగ) ఉంటే టెక్నీషియన్‌తో దానికి మార్పించండి. లేకపోతే 1 కేవీఏ సర్వో స్టెబిలైజర్‌ పెట్టి 220కి సెట్‌ చేయించండి. 24 వోల్టుల, 3 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్‌ సెకండరీని (అవుట్‌పుట్‌ చుట్టను) ఎదురు ఫేజులో సిరీస్‌ కలిపి వోల్టేజీ తగ్గించే పద్ధతీ ఉంది. 245 ఉన్నప్పుడు సుమారు 220 వస్తుంది. కానీ ఫేజు తారుమారైతే 270 దాటుతుంది. ఆంప్‌ తగిలించక ముందే మీటర్‌తో చూసుకోవాలి. పైగా ఎండకాలం ఏసీలన్నీ ఆడే వేళ లైన్‌ 215కి పడితే ఆంప్‌కు అందేది 193 మాత్రమే, హీటర్లకు 5.5. అదీ మంచిది కాదు. వోల్టేజీ ఎక్కువ తక్కువలయ్యే ఇంట్లో స్టెబిలైజరే మేలు.

ఆ తర్వాత బయాస్‌, అంటే పాట లేనప్పుడు ట్యూబులో పారే కరెంటును సరిచేయడం. ఈఎల్‌34 ప్లేట్‌ పరిమితి 25 వాట్లు. ఫిక్స్‌డ్‌ బయాస్‌ (ఆ కరెంటును విడిగా సరిచేసే రకం) ఆంపుల్లో అందులో 70 శాతం, అంటే 17.5 వాట్లు దాటనివ్వకండి. ప్లేట్‌కు 450 వోల్టులుంటే ట్యూబుకు 39 మిల్లీఆంపియర్లు. క్యాథోడ్‌లో (ట్యూబులో ఎలక్ట్రాన్లను వదిలే భాగం) 1 ఓమ్‌ రెసిస్టర్‌ ఉంటే దానిపై 39 మిల్లీవోల్టులు. కంపెనీ మాన్యువల్‌లో వేరే అంకె ఇచ్చి ఉంటే దాన్నే పాటించండి. ఆంప్‌ అరగంట వేడెక్కాకే సరిచేయాలి. టెస్ట్‌ పాయింట్లు (మీటర్‌ ఆనించి కొలిచే చోట్లు) బయటికి లేకపోతే మూత మీరు తీయకండి: స్విచ్చు ఆపినా ఫిల్టర్‌ కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. స్పీకర్లు తగిలించకుండా ఆంప్‌ నడపకండి, అవుట్‌పుట్‌ ట్రాన్స్‌ఫార్మర్‌ కాలిపోవచ్చు.

ఇక మీరడిగిన హంగులు. గోడలో మీటర్ల కొద్దీ మామూలు రాగి వైరు ఉన్నాక చివరి మీటరున్నర మార్చి లాభం లేదు. గట్టిగా పట్టే ప్లగ్గు, సరైన ఎర్త్‌ ఉంటే చాలు. ఫ్యూజు విషయంలో మాత్రం జాగ్రత్త. చల్లగా ఉన్న హీటర్లు స్విచ్చు వేయగానే ఎక్కువ కరెంటు లాగుతాయి, అందుకే స్లో బ్లో (కాస్త ఆలస్యంగా తెగే) రకం పెడతారు. త్వరగా తెగే రకం వేస్తే ఊరికే పోతుంటుంది. రేటింగ్‌ పెంచి వేస్తే ట్యూబు షార్టయిన రోజు ట్రాన్స్‌ఫార్మర్‌ బలి. ట్యూబు అదురును తగ్గించే సిలికాన్‌ రింగులు ఒక్కటే కొంత పనికొస్తాయి, అదీ చిన్న ట్యూబులకే. వాల్యూమ్‌ తగ్గించి, పెన్సిల్‌తో మెల్లగా తట్టండి. స్పీకర్లో గంట మోగినట్టు వినిపిస్తే ఆ ట్యూబుకు రింగు వేయొచ్చు. మోత మరీ ఎక్కువైతే ట్యూబే మార్చండి. ఈఎల్‌34ల జోలికి వద్దు, వాటి గాజు విపరీతంగా కాగుతుంది.

ప్రశ్న: ఆంప్‌లోని చిన్న ట్యూబు ఈసీసీ83 తీసి 6922 రకం ట్యూబు పెట్టుకోవచ్చా? రెండింటికీ తొమ్మిది పిన్నులేగా!
- ఒక పాఠకుడు, కరీంనగర్‌

జవాబు: పెట్టొద్దు. ఈసీసీ83లో తొమ్మిదో పిన్ను హీటర్‌ మధ్య ట్యాప్‌. 6922లో అది షీల్డ్‌ (లోపలి రేకు కవచం). మీ ఆంప్‌లో 4, 5 పిన్నులు కలిపి 6.3 వోల్టులు ఇస్తుంటే, ఆ రెండు పిన్నుల మధ్యే హీటర్‌ ఉన్న 6922 వెలగనే వెలగదు. 12.6 వోల్టుల వైరింగ్‌ అయితే హీటర్‌ మాడిపోతుంది. ప్లేట్‌ పరిమితి కూడా ఈసీసీ83కు 300 వోల్టులు, 6922కు 220 మాత్రమే. మార్పు కావాలంటే వేరే కంపెనీ ఈసీసీ83నే ప్రయత్నించండి.

ప్రశ్న: ట్యూబ్‌ ఆంప్‌ను అద్దాల షోకేసులో పెట్టవచ్చా?
- ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: పైన జానెడు, పక్కల బెత్తెడు ఖాళీ ఉండి, ముందు వెనకలు తెరిచి ఉంటేనే. మీ దగ్గర మే నెల వేడికి అద్దం మూసిన పెట్టెలో కెపాసిటర్లు ముందుగా దెబ్బతింటాయి. చిన్న ఫ్యాన్‌ పెడితే గాలి పైకి పోయేలా బిగించండి.